గోడా, మా బావకి చెప్పు

ఆ మేస్త్రికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వాడకం లేక అది ఎప్పుడో తుప్పుపట్టిపోయింది. ఊరంతా ఆయన్ని నిదానం అనే పిలిచేది. వీధి చివరి కొట్టుకి సబ్బు కోసం బయల్దేరితే, ఆయన చేరేలోగా ఆ రకం సబ్బు చెయ్యడమే మానేశారట. ఒకసారి తాను పూసిన సున్నపు గోడ ఎలా ఆరుతోందో చూస్తూ దాని పక్కనే నిలబడిపోయాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా సున్నమే. ఎవరో పెద్దమనిషి హడావిడిగా వచ్చి, ఇదీ గోడే అనుకుని, ఆయనకి సైకిలు ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. కదిలితే సైకిలు పడిపోదూ? అందుకని ఆ పెద్దమనిషి తిరిగొచ్చేదాకా, అంటే సాయంత్రం దాకా, నిదానం అలాగే నిలబడ్డాడు.

ఈ కథ శుద్ధ అబద్ధమని ఊళ్ళో వాదించేవాడు ఆయన బావమరిది ఒక్కడే.

"సాయంత్రం దాకా ఏమిటి? మర్నాడు పొద్దున్న దాకా నిలబడ్డాడు. అన్నం నేనే తినిపించా" అనేవాడు.

ఆ బావమరిదిని అందరూ చిటికె అనేవాళ్ళు. ఏ పని చెప్పినా వేళ్ళతో టక్కున చిటికేసి "ఎంతసేపు, చిటికెలో!" అనడం వాడి అలవాటు. దగ్గు రాకముందే మందు తాగే రకం. నిదానానికి పెళ్ళయిన కొత్తలో, వాడు బడిలో ఒక బెంచీ మీద నుంచి ఇంకో బెంచీ మీదకి దూకుతూ మేష్టార్ల ప్రాణం తోడేస్తుంటే, మామగారు వాణ్ణి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి అల్లుడి గుమ్మంలో దింపారు. "నీ నిదానంలో కాస్త వీడికి అంటించు నాయనా" అన్నారు. నిదానం చాలా ప్రయత్నించాడు. చివరికి సున్నం ఒక్కటే అంటింది.

అది మాత్రం గట్టిగా అంటింది. ఇద్దరి జుట్టూ నెరిసేదాకా పాత ఇటుక గోడలతోనే కాపురం చేశారు. ఎవరి ఇంట్లోనైనా గోడ చెమ్మ ఎక్కి, ఇటుకలు పొడిగా రాలుతుంటే, ఆ ఇంటివాళ్ళు ముందు ఏడ్చి తరువాత వీళ్ళకి కబురు పెట్టేవాళ్ళు. సున్నాన్ని నెలల తరబడి గుంటలో నీళ్ళ కింద నాననిచ్చి, వెన్నలా అయ్యాక తీసి, ఇసుకా ఇటుక పొడీ కలిపి గార తయారుచేసేవాళ్ళు. పాత ఇటుకల సందులు గీకి, కడిగి, గోడ ఇక చాలు అనేదాకా నీళ్ళు పట్టించి, అప్పుడు గార విసిరి కొట్టేవాళ్ళు. అంతటితో అయిపోతే అది సున్నం ఎందుకవుతుంది? ఆరుతున్నకొద్దీ గార ముడుచుకుంటుంది. వెంట్రుకల్లాంటి పగుళ్ళు వేస్తుంది. వెడల్పాటి చెక్కతో కొట్టి కొట్టి వాటిని మూయాలి. మూసినవి మర్నాడు మళ్ళీ విచ్చుకుంటాయి. మళ్ళీ కొట్టాలి. మధ్యలో ఎండ తగలకూడదు, గాలి తగలకూడదు. తడి గోనెపట్టాలు కప్పి, జ్వరం దిగుతున్న మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చోవాలి.

ఎప్పుడు కొట్టాలన్నదానికి కొలత బొటనవేలి గోరు. చిటికెకి నిదానం నేర్పిన మొదటి పాఠం అదే. "వేలి కణుపుతో నొక్కి చూడు. గుంట పడిందంటే ఇంకా తొందర. గోరుతో గీసి చూడు. గీత పడలేదంటే ఆలస్యం అయిపోయింది. కణుపుకి లొంగకుండా గోరుకి లొంగే వేళ ఒకటుంటుంది. ఆ కాసేపే మన ఉద్యోగం."

"మిగతా సమయమంతా ఏం చెయ్యాలి బావా?"

"ఎదురు చూడాలి."

"దానికి కూడా కూలి ఇస్తారా?"

"దానికే ఇస్తారు."

ఇలా ఎదురుచూస్తూ, కొడుతూ బతికినవాడికి ఒక రహస్యం వచ్చిపడింది. కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. నొప్పి కూడా కాదు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి "ఇక్కడిదాకా చాలు" అని ఆపినట్టు ఆగిపోయేది. ఆయన ఎవరికీ చెప్పలేదు. తల దువ్వుకోవడం ఎడమచేత్తో నేర్చుకున్నాడు. గోడ పైభాగం కొట్టేటప్పుడు ఎడమచేత్తో కుడిమోచేతిని కిందనుంచి ఎత్తిపట్టుకుని కొట్టేవాడు. చూసినవాళ్ళకి అదేదో పాతకాలపు పనితనంలా కనిపించేది. ఆయనా అలాగే కనిపించాలని చూసేవాడు.

అప్పుడే చెవులు వినబడని పిల్లల బడి నుంచి కబురొచ్చింది. పాత ఇటుక కట్టడం. హాలుకీ, బొమ్మలు వేసుకునే తరగతికీ మధ్య పొడవాటి గోడ ఒకటుంది, దాని నడిమధ్య ఒక తలుపు. ఎవరో పుణ్యాత్ములు హాలు వైపున పాత సున్నం ఊడదీసి సిమెంటు పూశారు. నేలలోంచి పాకే చెమ్మ ఇదివరకు సున్నంలోంచి మెల్లగా బయటికి పోయేది. ఇప్పుడు దారి మూసుకుపోయి, ఇటుకల్లోనే ఉండి వాటిని తినేస్తోంది. సిమెంటు పొట్టలు పొట్టలుగా ఉబ్బి, తట్టితే డొల్లగా మోగుతోంది. నిదానం ఒకసారి అరచేత్తో తట్టి, చెవి ఆనించి విని, నాడి చూసిన డాక్టరులా "అంతా తీసెయ్యాలి" అన్నాడు.

సిమెంటంతా రాలి ఇటుకలు బయటపడ్డ రోజున, భోజనాల దగ్గర, తగువు మొదలైంది.

"బావా," అన్నాడు చిటికె, క్యారియర్ గిన్నెలు విప్పుతూ. "ఈ గోడ అయ్యాక నేను మెషీను పనికి పోతున్నా. ఆ కొత్త అపార్టుమెంట్ల దగ్గర. గొట్టం పట్టుకుని నిలబడితే చాలు, గోడ మీద అదే చిమ్మేస్తుంది. వస్తానని చెప్పేశా."

"గొట్టమా?"

"గొట్టమే."

"పూత పూయడానికా, తోటకి నీళ్ళు పెట్టడానికా?"

"నవ్వుకో. నువ్వు కూడా ఇక చాలించు బావా."

నిదానం నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. మెషీను మాట ఆయన్ని అంతగా గుచ్చలేదు. చాలించు అన్నమాట మాత్రం సూటిగా భుజంలో దిగింది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ క్షణం నుంచి బావమరిదితో మాటలు బంద్.

సాయంత్రం ఇంట్లో, ముందు గదిలో, నిదానం ఒక మూలా, చిటికె ఒక మూలా కూర్చున్నారు. మధ్యలో చిటికెకి అక్కా, నిదానానికి ఇల్లాలూ అయిన మనిషి తువ్వాళ్ళు మడతపెడుతోంది.

"వాడు పందెం కాస్తాడేమో అడుగు," అన్నాడు నిదానం భార్యతో. "గోడ చెరిసగం. మధ్య తలుపుకి ఎడమ పక్క నాది, కుడి పక్క వాడిది. పైపూత వేసే రోజున నా సగంలో ఒక్క పగులు కనబడినా తాపీ అటకెక్కించేస్తా. కనబడకపోతే వాడు మెషీను మాట ఎత్తకూడదు."

"విన్నావురా తమ్ముడూ?"

"చెవులున్నాయిగా అక్కా. సరేనని చెప్పు."

"ఎదురుగానే ఉన్నారుగా, నువ్వే చెప్పు."

"ఆయన నన్ను అడగలేదుగా!"

ఆవిడ చేతిలో తువ్వాలు ఒళ్ళో పడేసి ఇద్దరి వంకా చూసింది. "తీర్పు నేను చెప్తా. ఇంకో మాట కూడా వినండి. అలిగారని చెప్పి నేను రెండు క్యారియర్లు కట్టను. గిన్నె ఒకటే. తింటే కలిసి తినండి. లేదంటే ఎదురెదురుగా కూర్చుని పస్తులుండండి."

ఆ రాత్రి పడుకునే ముందు నిదానం లెక్క వేసుకున్నాడు. గెలిస్తే బావమరిది ఉంటాడు. వాడు ఉంటే పని ఉంటుంది. ఓడితే తాపీ పోతుంది. తాపీ పోయాక పొద్దున్నే లేచి ఏం చెయ్యాలన్నది మాత్రం ఆయన లెక్కకి అందలేదు. మనుషులు ఏ పనీ లేకుండా పొద్దున్నే ఎందుకు లేస్తారో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

మర్నాటి నుంచి ఆ బడి హాలులో వింత వ్యవహారం నడిచింది. ఇద్దరికీ ఒకే బకెట్టు, ఒకే జల్లెడ, ఒకే గార తొట్టి. అడక్కుండా గడవదు. అడిగితే పరువు పోతుంది. అందుకని ఇద్దరూ గోడతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"గోడా, బకెట్టు ఇటు జరపమని చెప్పు."

"గోడా, బకెట్టుకి కాళ్ళు లేవు, కావలసినవాళ్ళే వచ్చి తీసుకోవాలని చెప్పు."

"గోడా, ఈ మనిషికి పని నేర్పింది ఎవరో ఒకసారి గుర్తుచెయ్యి."

"గోడా, నేర్పింది పనే గానీ, ఆయన పనంటే నిలబడటం అనుకున్నాడని చెప్పు."

భోజనాల దగ్గరా అంతే. "గోడా, కూరలో ఉప్పు తక్కువైంది" అంటాడు ఈయన. "గోడా, వండింది ఆయన పెళ్ళాం, నన్నంటే లాభం లేదని చెప్పు" అంటాడు వాడు. ఒకే గిన్నెలో రెండు చేతులు, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, మధ్యలో తగలకుండా తిరిగేవి.

బడి పిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా చేరి వీళ్ళని చూసేవాళ్ళు. వాళ్ళ చేతులు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. ఎంత కబుర్లో! వేళ్ళు గాల్లో పరుగులు తీస్తుంటే, మధ్యమధ్య ఒకళ్ళని ఒకళ్ళు చరుచుకుని, పొట్టలు పట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

"ఏమంటున్నారు టీచరమ్మా?" అని అడిగాడు నిదానం ఒకరోజు.

బొమ్మల టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "మీ ఇద్దరికీ పేర్లు పెట్టారు మేస్త్రిగారూ." బొటనవేలి గోరుతో అరచేతి మీద గీత గీసి చూపించింది. "ఇది మీరు." తరువాత చిటికేసింది. "ఇది ఆయన." తరువాత రెండు బొటనవేళ్ళనీ వీపులు కలిపి నిలబెట్టింది. "ఇది మీరిద్దరూ."

నిదానం తాపీకి లేని గార గీకడం మొదలుపెట్టాడు.

"నోరుంది, చెవులున్నాయి, మరెందుకు మాట్లాడుకోరు అని అడుగుతున్నారు."

"మీరేం చెప్పారు?"

"నాకూ తెలియదన్నాను."

ఆ పిల్లల ముందే వీళ్ళ పరువు తొట్టిలో కలిసింది. ఇటుక పొడి వేస్తే గార తొందరగా బిగుస్తుంది, బలం కూడా వస్తుంది. కానీ దానికో లెక్కుంది. ఆ రోజు పొద్దున్న నిదానం వేయాల్సినంత వేసి, కలిపి, నీళ్ళకని వెళ్ళాడు. చిటికె వచ్చి తొట్టి చూశాడు. మామూలు రోజైతే "బావా, పొడి వేశావా?" అని ఒక్క కేక వేసేవాడు. ఇప్పుడు ఎలా అడుగుతాడు? గోడని అడిగాడు. గోడకి తెలియదు. సరే, వేసి ఉండడులే, ఆయన ఇంత తొందరగా ఎప్పుడు వేశాడు గనక అనుకుని తన వంతు వేశాడు. నిదానం తిరిగొచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకో దోసెడు చల్లాడు. కాసేపటికి తొట్టిలో గార కొత్త పెళ్ళికూతురి బుగ్గలా ఎర్రబడి, ఆ తరువాత రాయిలా బిగుసుకుంది. నిదానం తాపీ అందులో నిట్టనిలువుగా ఇరుక్కుపోయింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. గుమ్మం దగ్గర పిల్లలు నేల మీద దొర్లి దొర్లి నవ్వారు. చివరికి తాపీ ఊడొచ్చి ఇద్దరూ వెనక్కి పడ్డారు.

"గోడా, దెబ్బ తగిలిందేమో కనుక్కో" అన్నాడు చిటికె.

"గోడా, తగల్లేదని చెప్పు" అన్నాడు నిదానం, నడుము పట్టుకుని.

ఎలాగైతేనేం, గోడ నిండా గార నిలబడింది. కొట్టడం మొదలైంది. నిదానం సగంలో నిదానంగా, టప్, కాసేపాగి, మళ్ళీ టప్. చిటికె సగంలో టపటపటపా. పొద్దున్నే వచ్చి గోనెపట్టాలు తీసేసరికి ఆయన సగంలో పైన, పరంజా మీద నిలబడినా చెయ్యి సరిగ్గా అందని చోట, సన్నని పగుళ్ళు కనబడేవి. మోచెయ్యి ఎత్తిపట్టుకుని, పళ్ళు బిగించి కొట్టేవాడు. చెక్క గోడకి తగిలేది గానీ దెబ్బలో బరువుండేది కాదు. అది ఆయనకీ తెలుసు. భోజనం చేసి, హాలు కిటికీ పక్కన వరండాలో గోనెసంచుల మీద నడుము వాల్చేవాడు.

ఆయన నిద్ర గురించి, గురక గురించి ఇంట్లో చాలా కథలున్నాయి. ఆ గురకకి గూట్లో గిన్నెలు వాటంతటవే సర్దుకుంటాయనీ, అందుకే తనకి ఇంటిపని తక్కువనీ భార్య చెప్పేది. ఉరిమినా లేవడు. ఆ నిద్రలేచి వచ్చి చూసేసరికి, రోజూ ఒకే అద్భుతం. పొద్దున్న కనబడ్డ పగుళ్ళు మూసుకుపోయి ఉండేవి.

"అదీ సంగతి!" అనుకున్నాడు మొదట్లో. "దెబ్బలో బరువుదేముంది? ఎక్కడ కొట్టాలో తెలియాలి. గారకి అర్థమవుతుంది, ఎవరు కొట్టారో." రోజులు గడిచినకొద్దీ ఛాతీ ముందుకొచ్చింది. ఇంట్లో భార్య ముందు కుడిచేతిని చెవి దాకా ఎత్తి, ఇంకా ఎత్తగలిగినవాడిలా అక్కడే ఆపి, వీపు గోక్కోవడం కూడా మొదలుపెట్టాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

పైపూతకి ఇక ముహూర్తం దగ్గరపడింది అనగా, టీచరమ్మ ఆయన్ని పిలిచింది.

"మేస్త్రిగారూ, మా పిల్లలకి ఒక అనుమానం వచ్చింది. అడగమని ప్రాణం తీస్తున్నారు."

"అడగండమ్మా."

"మీరు గోడ కొడుతుంటే అవతల మా తరగతిలో వీళ్ళంతా గోడకి అరచేతులు ఆనించి కూర్చుంటున్నారు. కొందరైతే బుగ్గలు ఆనిస్తున్నారు. ఇంకొందరు వీపులు. వాళ్ళకి అదో పాట. ఎవరు కొడుతున్నారో ఇట్టే చెప్పేస్తారు. మీది నెమ్మది, ఆయనది జోరు."

"అవునవును."

"మరి, మీ ఎడమ పక్క గోడకి పొద్దున్నంతా నెమ్మది దెబ్బలే కదా? మధ్యాహ్నం అదే చోట జోరు దెబ్బలు పడుతున్నాయట. రోజూనట. నాకైతే ఏమీ వినబడలేదు. వీళ్ళేమో ఒట్టేసి చెప్తున్నారు. గోరు తాతకి అన్నం తిన్నాక అంత బలం ఎక్కణ్ణించి వస్తోంది, ఏం తింటున్నాడో అడగండి, మేమూ తింటాం అంటున్నారు."

నిదానం తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. పిల్లలు కళ్ళింత చేసుకుని ఆయన నోటి వంకే చూస్తున్నారు. "వాళ్ళ అక్క వంట" అని మాత్రం అనగలిగాడు. ఎవరి అక్కో టీచరమ్మకి అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన గోనెసంచుల మీద పడుకున్నాడు గానీ నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని, గురక పెడుతూ, కిటికీ రెక్క సందులోంచి ఒక కన్ను తెరిచాడు.

చిటికె చెక్కకి గోనెగుడ్డ చుట్టాడు. చప్పుడు కాకుండా చెప్పులు విడిచాడు. జీవితంలో ఎప్పుడూ నెమ్మదిగా నడవనివాడు, పిల్లిలా నడిచి, బావ సగంలోకి వచ్చి, పరంజా ఎక్కాడు.

మొదట నిదానానికి ఒళ్ళు మండిపోయింది. నా గోడ ముట్టుకుంటాడా? దొంగ! లేచి కేకేద్దామనుకున్నాడు. అంతలో చిటికె కొట్టబోయి ఆగి, వేలి కణుపు పగులు పక్కన నొక్కి చూశాడు. తరువాత బొటనవేలి గోరుతో చిన్న గీత గీశాడు. ఆ గీత వంక చూస్తూ కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఎదురుచూశాడు. చిటికె, ఎదురుచూశాడు! ఆ తరువాతే కొట్టడం మొదలుపెట్టాడు, గుడ్డ చుట్టిన చెక్కతో, మెత్తగా, జోరుగా. ఏ పగులు మూసుకోకపోతే తాను గెలుస్తాడో ఆ పగులునే మూస్తున్నాడు.

నిదానం చూస్తూ చూస్తూ గురక పెట్టడం మర్చిపోయాడు.

పైన చెక్క గాల్లోనే ఆగింది. నిదానం కంగారుగా మళ్ళీ గురక అందుకున్నాడు.

అప్పుడు చిటికె గోడ వైపే తిరిగి ఉండి అన్నాడు. "గోడా, మా బావకి చెప్పు. ఆయన గురక ఊపిరి పీల్చేటప్పుడు వస్తుంది, వదిలేటప్పుడు కాదు."

నిదానం లేచి కూర్చున్నాడు. సున్నం అంటిన చేతులతో మొహం తుడుచుకుని, మొహం కూడా తెల్లగా చేసుకుని, హాల్లోకి వచ్చి పరంజా కింద నిలబడ్డాడు.

"గోడా, ఈ దొంగతనం ఎన్నాళ్ళ నించో అడుగు."

"గోడా, మొదటి పగులు నించీ అని చెప్పు."

నిదానం ఇక గోడని పక్కన పెట్టేశాడు. "ఒరేయ్, నీకు బుద్ధుందా? నా సగం పగిలితేనే కదరా నువ్వు గెలిచేది? నువ్వే మూసేస్తే పందెం ఎలా గెలుస్తావు?"

"పందెం నీకూ నాకూ బావా. గోడకేం సంబంధం?" చిటికె కిందకి దిగకుండానే పరంజా పలక అంచు మీద కూర్చుని కాళ్ళు వేలాడేశాడు. "ఎదురుగా పగులు కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు. నువ్వు నేర్పిన రోగమే ఇది."

"మరి చాలించమన్నావు?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. పై వరస చాలించు. మోచెయ్యి పట్టుకుని ఈ పలక మీద నువ్వు వేలాడుతుంటే, అక్కడ నా సగంలో నేను ఏం కొడుతున్నానో నాకే తెలియట్లేదు. నువ్వు పడితే అక్క మొహం ఎలా చూడను? నీ ఎదురుగా ఉండి చూడలేకే ఆ మెషీనువాడికి ఊఁ కొట్టాను."

నిదానం కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "చెయ్యి సంగతి ఎవరు చెప్పారు?"

"నువ్వే. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు ఏ చెయ్యి దూరుస్తున్నావో చూడనా? అక్కకీ తెలుసు. నువ్వు వీపు గోక్కుంటుంటే ఆవిడ వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకొస్తోంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు."

గోడ అవతల పిల్లల తరగతిలో ఏదో కుర్చీ జరిగింది. దెబ్బలు ఆగిపోయాయేమిటా అని వాళ్ళు అక్కడ అరచేతులు ఆనించి ఎదురుచూస్తున్నారేమో.

"అక్కకి ఈ సంగతి చెప్పకు" అన్నాడు చిటికె, చెక్కకి చుట్టిన గుడ్డ విప్పుతూ. "నువ్వే గెలిచావు. నేను ఓడిపోయానని ఉండిపోతా. ఎవరికీ బాధ లేదు."

నిదానం ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఎంత చక్కటి మాట! నోరు మూసుకుంటే చాలు. బావమరిది ఉంటాడు, తాపీ ఉంటుంది, పరువు ఉంటుంది. జీవితమంతా నోరు మూసుకుని ఎదురుచూడటమే వృత్తిగా బతికినవాడికి అంతకంటే తేలిక పని ఏముంది? అయినా ఆ రాత్రి గూట్లో గిన్నెలు సర్దుకోలేదు.

పైపూత రోజున నిదానం భార్య వచ్చింది. తీర్పు చెప్పడానికి ఆవిడ తెచ్చుకున్నది తడిగుడ్డ ఒక్కటే. పూసేవాళ్ళ ఇంట్లో ఇన్నేళ్ళున్న మనిషి, కళ్ళతో వెతకదు. గోడని తడిగుడ్డతో తుడుస్తుంది. గార తడి పీల్చుకుని ఆరుతుంటే, పగులున్న చోట నీళ్ళు ఆగి, నల్లటి గీత కాసేపు నిలబడుతుంది. ఏ పగులూ తప్పించుకోలేదు. కొంగు దోపుకుని, ఆవిడే పరంజా ఎక్కి, మధ్య తలుపు నుంచి ఎడమ చివరిదాకా, పై నుంచి కిందిదాకా తుడిచింది. పిల్లలూ టీచరమ్మా గుమ్మం నిండా నిలబడ్డారు. గోడ అంతా ఒకేలా, ఒకే రంగులో, మెల్లగా ఆరింది. ఒక్క గీత లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఓడిపోయావు" అంది ఆవిడ కిందకి దిగుతూ. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

చిటికె తల వంచుకున్నాడు, బాగానే నటించాడు.

నిదానం నిలబడి ఆ గోడని చూశాడు. ఇంత మంచి గార ఈమధ్య తన చేతి కింద నుంచి రాలేదు. తనది కాని మెరుపు దాని మీద ఉంది. ఎవరైనా వచ్చి "ఎవరు కొట్టారిది?" అని అడిగితే తాను తల ఊపాలి. ఈ గోడ ఉన్నన్నాళ్ళూ ఊపుతూనే ఉండాలి.

"ఆగు," అన్నాడు. "పై సగం నాది కాదు. వీడిది. నేను పడుకున్నప్పుడు వచ్చి కొట్టాడు. నా చెయ్యి లేవదు. నేనే ఓడిపోయాను. వాణ్ణి మెషీనుకి పోనీ. తాపీ ఇంటికెళ్ళగానే అటకెక్కించేస్తా."

ఆవిడ తడిగుడ్డ పిండుతూ ఆగిపోయింది. చిటికె అన్నాడు.

"అటక అందేట్టయితే ఈ గొడవంతా ఎందుకు బావా?"

ముందు ఆవిడ నవ్వింది. ఆపుకోలేక టీచరమ్మ నవ్వింది. ఎందుకో చేతులతో చెప్పేసరికి పిల్లలంతా నవ్వారు. కోపం తెచ్చుకుందామని నిదానం చాలా ప్రయత్నించి, కుదరక, ఆయనా నవ్వాడు.

"కింద గూట్లో పెట్టుకో" అన్నాడు చిటికె, తాపీ తీసి ఆయన ఎడమచేతికిచ్చి. "పొద్దున్నే తీసుకోవడానికి తేలిక. నడుము దాకా నువ్వు, ఆ పైన నేను. ఎప్పుడు కొట్టాలో చెప్పేది మాత్రం నువ్వే. చెయ్యి నాది, గోరు నీది."

"మరి మెషీనువాడు? వస్తానని మాటిచ్చావుగా."

"ఇచ్చాను. నిన్న పొద్దున్నే వెళ్ళి, ఈ గోడ ఆరాక వస్తానని చెప్పొచ్చా."

"ఆరాకా?" నిదానం వాడి వంక అనుమానంగా చూశాడు. "సిమెంటు ఆరినట్టు నాలుగు రోజుల్లో ఆరుతుందనుకుని ఉంటాడు పాపం. సున్నం రాయి కావడానికి తరాలు పడతాయని చెప్పలేదా?"

"అతను అడగలేదు బావా" అన్నాడు చిటికె, పరంజా ఎక్కుతూ.

పైపూత చివరి నుంచి చివరికి, తడి అంచు ఆరకుండా, ఒకే దమ్ములో సాగాలి. మొదలుపెట్టారు. పైన వాడు, కింద ఈయన. పిల్లలు అవతల తమ తరగతిలోకి పరుగెత్తారు. పూత చివరికి చేరగానే వాడి చెయ్యి చెక్క అందుకుంది.

"ఆగరా," అన్నాడు నిదానం, కింద నుంచి గోడకి బొటనవేలు ఆనించి. "ఇంకా వేళ కాలేదు."

చిటికె ఆగాడు. గోడ అవతల పిల్లలు, అరచేతులు ఆనించి, వాళ్ళూ ఆగారు.